ఊగని ముల్లు

చిక్కడపల్లి, హైదరాబాద్
5 ఫిబ్రవరి 1996

చి. జయశ్రీకి,

నీ ఉత్తరం, దానితోపాటు నువ్వు కత్తిరించి పంపిన ఇంగ్లీషు పత్రిక కాగితం అందాయి. ఒళ్లు ఎక్కువున్న మగవాళ్లకు, అందులోనూ పొట్ట పెరిగినవాళ్లకు, పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువన్న చోట ఎర్ర పెన్నుతో గీత గీశావు. గీత అక్కర్లేదు. ఆ వాక్యం చదివేటప్పుడు కాగితాన్ని పొట్ట మీదే ఆనించి పెట్టుకున్నాను. బల్ల అవసరం రాలేదు.

మీ అక్క మనోరమ పోయి మూడు నెలలు దాటింది. ఆమెను తీసుకుపోయిన జబ్బు గురించి నువ్వు చదువుతున్నావు. నేను చదవలేకపోతున్నాను. నాకు తెలిసిన చదువు తూనికలు, కొలతలు. ఇరవై తొమ్మిదేళ్లుగా ముషీరాబాద్ కూరగాయల బండ్ల నుంచి కోఠి కిరాణా దుకాణాల దాకా కాంటాలు తనిఖీ చేస్తున్నాను. నన్ను దూరం నుంచి చూసి రాళ్లు మార్చేవాళ్లున్నారు. ఈ మధ్య వాళ్లకు మరీ దూరం నుంచే కనిపిస్తున్నట్టున్నాను.

నిన్న కాచిగూడ స్టేషన్‌లో, రంగు బల్బులు తిరిగే బరువు మిషన్ ఎక్కి రూపాయి వేశాను. టికెట్ జతచేస్తున్నాను. తొంభై ఆరు. వెనక ఏం అచ్చు వేశారో చూడు: "మీరు ఎక్కడున్నా వాతావరణం తేలికపడుతుంది." ఆ వాక్యం మీద కేసు రాయవచ్చు.

కింది వాటా శ్రీరామమూర్తి గారు పెళ్లికని వరంగల్ వస్తున్నారు. ఆయన చేత మనోరమ జాకెట్లు ఐదు పంపుతున్నాను. అన్నీ ఆఖరి ఏడాది కుట్టించినవే. బీరువా తెరిస్తే ముందు అవే కనిపిస్తున్నాయి. నీ దగ్గర ఉండనీ.

అత్తమ్మకు నమస్కారాలు చెప్పు.

ఇంద్రసేన


హనుమకొండ
16 ఫిబ్రవరి 1996

బావా, నమస్తే.

తొంభై ఆరు కిలోల సాక్ష్యం అందింది. జాకెట్లూ అందాయి. ముందు వాసన చూశాను. తర్వాత మెరూన్‌ది తొడుక్కోబోతే మోచెయ్యి దగ్గరే ఆగిపోయింది. అమ్మ మంచం మీద నుంచి చూసి, "గవి నీకెట్ల పడతయే? పెద్దది ఎండిపోయినంక కుట్టిచ్చుకున్నయి. నువ్వేమో బియ్యం బస్తా లెక్కున్నవ్" అంది. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మీరు జోకులు వేసి తప్పించుకోవద్దు. నేను జువాలజీ లెక్చరర్‌ని. కప్ప పేగులు విప్పి పిల్లలకు చూపించే దాన్ని. సూటిగా రాస్తున్నాను. ఒళ్లున్న ప్రతివాళ్లకూ ఆ జబ్బు రాదు. సన్నగా ఉన్నవాళ్లకు రాదనీ కాదు. కానీ పొట్టలో కొవ్వు ఊరికే కూర్చోదు, ప్రమాదం పెంచుతుంది. మీకు యాభై ఐదు. పేగులోకి సన్నటి గొట్టం పంపి చూసే పరీక్ష ఒకటుంది. ఒకసారి చేయించుకోండి.

ఇంకొకటి. మీరు ఒక్కరే తగ్గాలంటే తగ్గరు. నేనూ మొదలుపెడుతున్నాను. నా బరువు డెబ్బై ఎనిమిది, కాజీపేట స్టేషన్ టికెట్ ఇదిగో. ప్రతినెలా మొదటి ఆదివారం ఇద్దరం మిషన్ ఎక్కి టికెట్లు పంపుకుందాం. నోటి మాట నమ్మేది లేదు. ఫోన్ కూడా వద్దు. మీకు ఫోన్ చెయ్యాలంటే కింది వాటాకు చెయ్యాలి, శ్రీరామమూర్తి గారు మీకంటే ముందు అంతా వింటారు.

జయశ్రీ


చిక్కడపల్లి
6 మార్చి 1996

చి. జయశ్రీకి,

రోజూ పొద్దున నడుస్తున్నాను. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ మీదుగా కాచిగూడ స్టేషన్, తిరిగి ఇంటికి. మొదటి రోజు వెళ్లాను, రిక్షాలో తిరిగి వచ్చాను. రెండో రోజు రెండు వైపులా నడిచాను, మధ్యలో మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగాను. తిన్న ఆ నాలుగు బజ్జీల సంగతి నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నాను. నిజాయితీ ఉద్యోగపు జబ్బు.

టికెట్ తొంభై ఐదు. కానీ మిషన్‌ను నమ్మే ముందు తనిఖీ చెయ్యాలి కదా. ఆఫీసు నుంచి ఇరవై కిలోల రాయి ఆటోలో తెచ్చి మిషన్ మీద పెట్టి రూపాయి వేశాను. ఇరవైన్నర చూపించింది. అంటే నేను తొంభై నాలుగున్నరే. జనం గుమిగూడారు. హమాలీ దాసయ్య టికెట్ తిప్పి చూసి, "సార్, రాయికి గూడ జాతకం వచ్చింది. ప్రేమల గెలుస్తదట" అన్నాడు. ఈ నెలలో నాతో సంబంధం ఉన్న ఒక వస్తువుకైనా మంచి జరగబోతోంది.

పరీక్ష గురించి: మార్చి నెల. ఆఫీసులో లెక్కలు ముగించాలి. తర్వాత చూద్దాం.

ఇంద్రసేన


హనుమకొండ
10 ఏప్రిల్ 1996

బావా, నమస్తే.

రాయికి అభినందనలు. మీకు ఇప్పుడే చెప్పను.

పోయిన నెల నా టికెట్ డెబ్బై ఏడున్నర పంపాను కదా, ఈ నెల మళ్లీ డెబ్బై ఎనిమిది. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. కూర్చున్న చోటి నుంచి లేవకుండా రోజుకు నలభై పేపర్లు, మధ్యలో అమ్మ చేసే సర్వపిండి. ఒళ్లు ఎట్లా తగ్గుతుంది? గుండె రెండు గదులేనని ఒక పిల్ల రాసింది. దాని బొమ్మ ముచ్చటగా ఉంటే అర మార్కు వేశాను.

అమ్మ మీ కబుర్లు రోజూ అడుగుతుంది. అక్క పేరు మాత్రం ఎత్తదు. మొన్న పక్కింటి ఆవిడ, "నీకు ఇద్దరు బిడ్డలు కదా" అంటే, "అవు, చిన్నది కాలేజీకి పోయింది" అని జవాబిచ్చింది. పెద్దది ఎక్కడికి పోయిందో చెప్పలేదు.

మార్చి అయిపోయింది. పరీక్ష ఎప్పుడు?

జయశ్రీ


చిక్కడపల్లి
8 మే 1996

చి. జయశ్రీకి,

తొంభై రెండు. ప్యాంటుకు బెల్టు అవసరమైంది. ముందు నుంచీ బెల్టు ఉంది, కానీ పొట్ట కింద ఎక్కడుందో కనిపించేది కాదు.

మొన్న నారాయణగూడలో దర్జీ బుగ్గయ్య దుకాణం ముందు నుంచి పోతున్నాను. మనోరమ జాకెట్లన్నీ కుట్టింది అతనే. నన్ను చూసి, "సార్, మంచిగ తగ్గిన్రు" అన్నాడు. నేను నడక ఆపేసి ఇంటికి వచ్చి పడుకున్నాను. ఎందుకో రాస్తాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది జనవరిలో మనోరమకు ఎనభై రెండు కిలోలు. మోకాళ్లు నొస్తున్నాయంటే డాక్టరు బరువు తగ్గమన్నాడు. ఇద్దరం అశోక్‌నగర్ మీదుగా ఇందిరా పార్కుకు నడిచేవాళ్లం. నేను వారం రోజుల్లో మానేశాను. ఆమె మానలేదు. ఏప్రిల్‌కు ఎనిమిది కిలోలు తగ్గింది. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. ఇదే బుగ్గయ్య ఇదే మాట అన్నాడు: "అమ్మా, మంచిగ తగ్గిన్రు." నేను రెండు కిలోల లడ్డూలు తెచ్చి ఆఫీసులో పంచాను. భార్య బరువు తగ్గిందని మిఠాయి పంచిన మగవాడు మా శాఖలో నేనొక్కడినే.

ఆమె కడుపులో పట్టినట్టుంది అనేది. గ్యాస్ అన్నాను. రక్తం పడింది అంది. మొలలు అన్నాను, ఇసబ్‌గోల్ తెచ్చాను. ఇంకా తగ్గింది. ఇంకా మెచ్చుకున్నాను. ఆగస్టులో వంటింట్లో పడిపోయేదాకా మెచ్చుకుంటూనే ఉన్నాను. కిలోకు ఇరవై గ్రాములు తక్కువ తూచినవాడిని కళ్లతో చూసి పట్టేవాడినని నాకు పేరు. ఇంట్లో ఇరవై కిలోలు పోతుంటే లడ్డూలు పంచాను.

ఇప్పుడు నేను తగ్గుతున్నాను. నడకకు తగ్గుతున్నానో, ఇంకెందుకైనా తగ్గుతున్నానో నాకు తెలియదు. అందుకే పరీక్ష వాయిదా వేస్తున్నాను. మార్చి లెక్కలు అబద్ధం.

బజ్జీలు మాత్రం నిజంగానే మానేశాను.

ఇంద్రసేన


హనుమకొండ
12 జూన్ 1996

బావా,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జవాబు రాయడానికి నెల పట్టింది.

అక్క నాకు ఫోటో పంపింది, ఇందిరా పార్కు గేటు దగ్గర. "ఎంత సన్నబడ్డావే, నాకు కుళ్లుగా ఉంది" అని రాశాను. జువాలజీ చదివిన దాన్ని. మీ లడ్డూల్లో నాకూ భాగం ఉంది.

ఒకటే చెప్తాను. తెలియకపోవడం కంటే తెలియడం మేలు. పరీక్ష చేయించుకోండి. నా మీద ఒట్టు.

టికెట్ డెబ్బై ఎనిమిది. ఈ ఎండలకు నీరసంగా ఉంది, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. అమ్మ బాగానే ఉంది.

జయశ్రీ


చిక్కడపల్లి
13 జులై 1996

చి. జయశ్రీకి,

చేయించుకున్నాను. నా పెద్దపేగులో ఏమీ లేదు. కాగితం మీద సంతకం చేసి ఇచ్చారు. ప్రభుత్వ ముద్ర లేదు కానీ నమ్మవచ్చు.

వివరాలు. పరీక్షకు ముందు రోజు నాలుగు లీటర్ల మందునీళ్లు తాగాలి. మందుతో ఇచ్చిన డబ్బాను దాని మీదున్న గుర్తు దాకా నింపి, నా లీటరు కొలతతో మళ్లీ కొలిచాను. నలభై మిల్లీలీటర్లు తక్కువ. కేసు రాద్దామని కాగితం తీశాను. మందు పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆరు గంటలు నాకు తీరిక దొరకలేదు. శ్రీరామమూర్తి గారు రెండుసార్లు పైకి వచ్చి, "నల్లా బంద్ చెయ్యడం మర్చిపోయిన్రా? ట్యాంకు ఖాళీ అయితున్నది" అన్నారు. మనిషిలో ఎంత అనవసరమైన సరుకు నిలవ ఉంటుందో అప్పుడు తెలిసింది.

పరీక్ష చేసిన డాక్టర్ రేణుక గారు చిన్నావిడ, మాట సూటి. "తొంభై కిలోలు కూడా మీ ఎత్తుకు ఎక్కువే, ఇంకా తగ్గండి" అన్నారు. మనోరమ సంగతి చెప్పాను. యాభై ఒకటో ఏట అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, "ఆమెకు తోబుట్టువులు ఉన్నరా?" అని అడిగారు. ఒక చెల్లెలు, నలభై ఆరు అన్నాను. "మీరు ఆమెకు భర్త మాత్రమే, రక్తసంబంధం కాదు. అక్కకు వచ్చిందంటే చెల్లెకు వచ్చే అవకాశం మామూలు మనిషి కంటే రెట్టింపు. ఒళ్లు ఉంటే ఇంకా జాగ్రత్త పడాలె. మీకంటే ముందు ఆమె రావలసింది" అన్నారు.

కాబట్టి నువ్వు రావాలి. నాలుగు లీటర్లు నేనే కొలిచి పోస్తాను.

టికెట్ తొంభై. నీది డెబ్బై ఎనిమిది అందింది.

ఇంద్రసేన


హనుమకొండ
18 ఆగస్టు 1996

బావా, నమస్తే.

మీ పేగు శుభ్రంగా ఉందని విని అమ్మ ఇంటి పక్కనున్న ఆంజనేయుడికి కొబ్బరికాయ కొట్టించింది. పూజారి ఎవరి గోత్రనామాలు, ఏం కోరిక అని అడిగాడట. "మా అల్లుడి కడుపు సాఫ్ అయింది" అని చెప్పింది. ఆయన గబగబా కాయ కొట్టేశాడట.

నా సంగతి ఎందుకు? గుండ్రాయిలా ఉన్నాను. దసరా సెలవుల్లో చూద్దాం. కొత్త బ్యాచ్ వచ్చింది, ప్రాక్టికల్స్ నేనొక్కదాన్నే చూసుకోవాలి. అమ్మను వదిలి రావడం కూడా కష్టం.

పంద్రాగస్టుకు కాలేజీలో జెండా ఎగరేశాం. అక్క మెరూన్ రంగు జాకెట్టు వేసుకుని పోయాను, పసుపు చీర మీద. మా ప్రిన్సిపాల్ మేడమ్ అక్కను ఒకసారి చూసిందట. "అచ్చం మీ అక్కలెక్క ఉన్నవ్ జయశ్రీ" అంది. రోజంతా ఆ మాటే గుర్తుకొచ్చింది. మీకు చెప్పాలనిపించింది.

టికెట్ డెబ్బై ఎనిమిది. మీరు గెలుస్తున్నారు, ఒప్పుకుంటున్నాను.

జయశ్రీ


చిక్కడపల్లి
26 ఆగస్టు 1996

జయశ్రీ,

నీ టికెట్లు ఏడు నా బల్ల మీద ఉన్నాయి. ఫిబ్రవరి డెబ్బై ఎనిమిది. మార్చి డెబ్బై ఏడున్నర. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఐదూ డెబ్బై ఎనిమిది.

మా ఉద్యోగంలో మొదట నేర్పేది ఇది. మంచి కాంటా ముల్లు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడుతుంది. వెయ్యగానే ఊగకుండా నిలబడితే అడుగున ఏదో కట్టారని అర్థం. మనిషి బరువు కూడా అంతే. భోజనానికి, ఎండకు, దాహానికి అర కిలో అటూ ఇటూ ఊగుతుంది. మండే ఎండల్లోనూ వానల్లోనూ ఐదు నెలలు ఒకే బరువు ఉండే వస్తువు మా ఆఫీసులో రాయి ఒక్కటే.

ఇది నాకు మే నెలలోనే తట్టాలి. తట్టలేదు. నా పొట్ట సంగతిలో మునిగి ఉన్నాను. నీ ఉత్తరంలో మెరూన్ జాకెట్టు చూశాక తట్టింది.

నిన్న బుగ్గయ్య దగ్గరికి పోయాను. అతని కొలతల పుస్తకం తీయించాను. మనోరమ పేరు కింద మూడు వరుసలు ఉన్నాయి. పోయిన ఏడాది జనవరి, ఛాతీ నలభై రెండు. ఏప్రిల్, ముప్పై తొమ్మిది. జులై, ముప్పై ఆరు. మెరూన్ జాకెట్టు జులైది. శ్రావణ శుక్రవారానికి కుట్టించుకుంది. అప్పుడు ఆమె బరువు అరవై నాలుగు.

ఫిబ్రవరిలో అది నీ మోచెయ్యి దాటలేదు.

చేతిలో ఏం పట్టుకుని మిషన్ ఎక్కావు? ఇరవై తొమ్మిదేళ్లలో తక్కువ తూచినవాళ్లను వేలమందిని చూశాను. ఎక్కువ తూచి మోసం చేసిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను.

శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. సోమవారం డాక్టర్ రేణుక గారి దగ్గర నీ పేరు రాయించాను.

ఇంద్రసేన


హనుమకొండ
29 ఆగస్టు 1996
(కొరియర్‌లో)

బావా,

బియ్యం. సంచిలో బియ్యం పట్టుకుని ఎక్కాను. ఏప్రిల్‌లో రెండు కిలోలు. మేలో ఐదు. ఈ నెల పద్నాలుగు. ఆటోలో కాజీపేట తీసుకుపోవడం, మళ్లీ తెచ్చి డబ్బాలో పొయ్యడం. డెబ్బై ఎనిమిది దాటితే అక్కడే ప్లాట్‌ఫాం మీద గుప్పెడు గుప్పెడు కోళ్లకు వేసి సరిచేసేదాన్ని. మళ్లీ మళ్లీ రూపాయలు వేశాను. మీకు నవ్వొస్తుంది కదా. నాకూ వచ్చేది, మొదట్లో.

మార్చి చివర రక్తం కనిపించింది. మే నెలలో మీ ఉత్తరం వచ్చింది. అక్క గురించి మీరు రాసిన ప్రతి ముక్కా నాకు జరుగుతున్నదే. అందుకే జవాబుకు నెల పట్టింది. తెలియడం మేలని మీకు ఒట్టు వేసి రాసింది నేనే, నాకు మాత్రం తెలుసుకునే ధైర్యం లేకపోయింది. ఇక్కడా అందరూ మెచ్చుకుంటున్నారు. స్టాఫ్ రూంలో, "ఏం డైటింగ్ చేస్తున్నవ్? మాకు గూడ చెప్పు" అంటున్నారు.

అమ్మకు ఎట్లా చెప్పాలి? ఒక బిడ్డను పోగొట్టుకుని ఏడాది కాలేదు. జాకెట్టు సంగతి మీకు ఎందుకు రాశానో నాకే తెలియదు. మీరు కనిపెట్టాలని రాశానేమో.

శనివారం ఇంటికి రాకండి. బస్టాండ్‌లోనే ఉంటాను. హైదరాబాద్‌లో ట్రైనింగ్ ఉందని అమ్మకు చెప్పాను.

జయశ్రీ


ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు గేటు బయట
14 సెప్టెంబర్ 1996

జయశ్రీ,

నాలుగు దాటితేగాని మగవాళ్లను లోపలికి పంపరట. ఈ చీటీ ఆయా చేత పంపుతున్నాను.

డాక్టర్ రేణుక గారు ఇప్పుడే మాట్లాడారు. గడ్డ పేగు గోడ దాటలేదు. ఆపరేషన్‌లో కోసి తీసిన ముక్కలో గ్రంథులన్నీ శుభ్రంగా ఉన్నాయి, జబ్బు పాకలేదు. "ఇంకో ఏడాది ఆగితే ఈ మాట చెప్పకపోదును" అన్నారు. మందుల అవసరం ఉండకపోవచ్చు. ప్రతి ఏడాదీ గొట్టం పరీక్ష తప్పదు. నాలుగు లీటర్లు.

నేను తల ఊపాను. తర్వాత మెట్ల మీద కూర్చున్నాను. లేవడానికి ఒక నర్సు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. ఎనభై ఎనిమిది కిలోలు, ఆ పిల్ల నలభై కూడా ఉండదు.

మీ అక్కకు ఈ మాట వినే అవకాశం రాలేదు. అది రాయకుండా ఉండలేను.

ఒక సంగతి. అత్తమ్మ వచ్చింది. గేటు దగ్గర నా పక్కనే ఉంది. నేను చెప్పలేదు.

ఇంద్రసేన


(అదే చీటీ వెనక, పెన్సిల్‌తో)

బావా, ఎట్లా తెలిసింది అమ్మకు? ఏమంటోంది? కుట్లు లాగుతున్నాయి, నవ్వించేదైతే రాయకండి.

జ.


(ఇంకో చీటీ)

నవ్వించేదే. జాగ్రత్తగా చదువు. అత్తమ్మ చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

"నెలకోసారి బియ్యం సంచి టేషనుకు పొయ్యి మల్ల ఇంటికొస్తది. ఏ బియ్యమన్న రైలు చూడ పోతదా? నాకు డెబ్బై ఐదేండ్లు, పిచ్చిదాన్ననుకున్నరా ఇద్దరు? డబ్బాల బియ్యం పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ. బిడ్డ గాజులు మోచేతి దాక జారుతున్నయి. పెద్దదానికి గట్లనే జారినయి. నేను నోరు తెరిస్తే అది నిజమైతదేమోనని నోరు మూసుకున్న. ట్రైనింగు అంటే ఊకున్న. రెండు వారాలు చూసిన. ఇగ ఉండలేక బస్సెక్కిన. చిక్కడపల్లిల దిగి తూనికల సారు ఇల్లేదంటే పిల్లగాండ్లు గూడ చూపిచ్చిన్రు. కింది వాటా సారు ఈ దవాఖాన చెప్పిండు. ఇప్పుడు దాన్ని బతికిచ్చినవ్ గదా, చాలు అల్లుడా. ఇగ దానికి జర అన్నం పెట్టనియ్యమను ఆ డాక్టరమ్మను."

నాలుగు అవుతోంది. వస్తున్నాం.

ఇం.


హనుమకొండ
3 ఫిబ్రవరి 1997

బావా, నమస్తే.

నిన్నటి టికెట్ ఇదిగో, బియ్యం లేకుండా. అమ్మ స్వయంగా నాతో కాజీపేట వచ్చింది, నా రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయో లేదో చూసి మిషన్ ఎక్కించింది. అరవై ఆరు. అక్టోబర్‌లో యాభై ఎనిమిది, గుర్తుందా? డిసెంబర్ అరవై మూడు, జనవరి అరవై మూడున్నర. టికెట్ వెనక "మీ రహస్యాలు భద్రం" అని ఉంది. అమ్మకు చదివి వినిపించాను. మిషన్ వైపు చూసి, "దీనికేం తెల్వది" అంది.

ఇవాళ మెరూన్ జాకెట్టు వేసుకోబోతే బిగుతుగా ఉంది. సంతోషంగా కుట్టు విప్పాను. చూస్తే లోపల రెండు పక్కలా రెండేసి అంగుళాల గుడ్డ మడిచి ఉంది. మిగతా నాలుగు జాకెట్లలో మామూలుగా అర అంగుళమే. ఇంత గుడ్డ ఎందుకు వదిలాడు? బుగ్గయ్యను ఒకసారి అడగండి. ఎంతవరకు విప్పవచ్చో కూడా అడగండి.

జయశ్రీ


చిక్కడపల్లి
10 ఫిబ్రవరి 1997

చి. జయశ్రీకి,

నీ టికెట్ అందిన రోజు లడ్డూలు తెచ్చి కింది వాటాలో పంచాను. శ్రీరామమూర్తి గారు, "ఎన్ని కిలోలు తగ్గిన్రు?" అని అడిగారు. "మా మరదలు రెండున్నర కిలోలు పెరిగింది" అన్నాను. ఆయన లడ్డూ నోట్లో పెట్టుకుని నన్ను చాలాసేపు చూశారు. నేను సగమే తిన్నానని రాద్దామనుకున్నాను. ఒకటిన్నర తిన్నాను.

బుగ్గయ్యను అడిగాను. కొలతల పుస్తకం తియ్యలేదు, చూడకుండానే చెప్పాడు.

"సార్, అమ్మ వచ్చినప్పుడల్లా కొలత తగ్గుతున్నది. మూడోసారి టేపు పెట్టంగనె నాకు మనసొప్పలె. పైకి మంచిగ తగ్గిన్రు అన్న, ఇంకేమనాలె? ఆడమనిషిని ఏమైందని అడుగుతమా? అమ్మ మల్ల ఒళ్లు చేస్తదని లోపల రెండంగులాలు దాచిన."

వీధి వీధంతా మెచ్చుకుంది. నేను మిఠాయి పంచాను. ఆమె తిరిగి బరువెక్కాలని కోరుకున్నది ఒక్క దర్జీ. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా గుడ్డలో కుట్టి పెట్టాడు.

నేను కాసేపు అతని దుకాణంలో కుర్చీ మీద కూర్చున్నాను. అతను మిషన్ తొక్కుతూనే ఉన్నాడు.

ఒక్కో పక్క అంగుళమే విప్పించు. రెండో అంగుళం అట్లాగే ఉంచు. డాక్టర్ రేణుక గారు డెబ్బై దాటవద్దన్నారు. అత్తమ్మకు ఈ వాక్యం చదివి వినిపించు, రెండుసార్లు.

నా టికెట్ ఎనభై ఐదున్నర. పోయిన నెల ఎనభై ఐదు. లడ్డూ వల్ల కావచ్చు, మిషన్ వల్ల కావచ్చు. పోయిన నెల తగ్గాను, ఈ నెల పెరిగాను. ఊగుతోంది.

ఇంద్రసేన